ఎస్పీ రోడ్‌లో కొన్న సీ5200 ట్రాన్సిస్టర్లు: అసలు ఎవరు తయారుచేశారు?

హెబ్బాళ్ శ్రోత (శనివారం రాత్రి)

అందరికీ నమస్కారం. నా దగ్గర తొంభైల నాటి జపాన్ స్టీరియో యాంప్లిఫయర్ ఉంది. కుడి చానల్ పోయింది. తెరిచి చూస్తే స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జత రెండూ షార్ట్ అయ్యాయి. అవి తోషిబా సీ3281, ఏ1302. ఎడమ చానల్‌లో మాత్రం ఇదివరకే ఎవరో మార్చినట్టున్నారు, అక్కడ సీ5200, ఏ1943 కనిపిస్తున్నాయి. వాటి మీద తోషిబా పేరు లేదు. ఓ మూలన చిన్న అక్షరాల్లో ఐఎస్‌సీ అని, దాని కింద నంబరు, అంతే. ఆ చానల్ మాత్రం బాగానే పాడుతోంది.

ఇవాళ మన బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌కి వెళ్ళి రెండు షాపుల్లో చెరో జత తెచ్చాను. ఒక జత మీద పెద్దగా తోషిబా అని ఉంది. రెండో జత మీద ఎఫ్ ఆకారంలో గుర్తు, సీ5200 అనే నంబరు ఉన్నాయి. తోషిబా పేరున్న జత ధర రెండో దాని ధరలో మూడో వంతే! ఇంకా టంకం పెట్టలేదు. ఏది ఎవరిదో తేలేదాకా పెట్టే ధైర్యం కూడా లేదు. సప్లై ప్లస్ 55, మైనస్ 55 వోల్టులు. ఆ ఐఎస్‌సీ ఎవరు? ఎఫ్ గుర్తున్నది నకిలీయా? కాస్త చెప్పండి.

టంకం వాసన (శనివారం రాత్రి)

ముందు ఒక అపోహ తీసేద్దాం. సీ5200 అన్నది తోషిబా పేరు కాదు. పూర్తి నంబరు 2ఎస్‌సీ5200. ఇది జపాన్ ప్రమాణం ప్రకారం ఇచ్చిన నంబరు. ఒంటి మీద అచ్చు వేసేటప్పుడు ముందున్న 2ఎస్ వదిలేస్తారు. ట్రాన్సిస్టర్లలో కరెంటు దిశ ఎదురెదురుగా ఉండే రెండు రకాలున్నాయి: 2ఎస్ఏ, 2ఎస్‌బీ అంటే పీఎన్‌పీ. 2ఎస్‌సీ, 2ఎస్‌డీ అంటే ఎన్‌పీఎన్. అమెరికా వాళ్ళ 2ఎన్ నంబర్లు, యూరప్ వాళ్ళ బీసీ, బీడీ నంబర్లు కూడా ఇలాంటివే. 2ఎన్3055ని ఎన్ని కంపెనీలు తీశాయో లెక్కలేదు. కాబట్టి నంబరు చూసి రకం తెలుస్తుంది గానీ తయారీదారు తెలియడు.

మీ ఎఫ్ గుర్తు బహుశా ఫెయిర్‌చైల్డ్. వాళ్ళు కూడా 2ఎస్‌సీ5200 అనే నంబరుతోనే తీశారు, ఎఫ్‌జేఎల్4315 అనే సొంత పేరుతో కూడా అమ్మారు. తోషిబా అని లేదు కాబట్టి నకిలీ అనుకోవద్దు. ఫొటోలు పెట్టండి. ముందువైపు ఒక్కటే కాదు. వెనక రాగి పలక, కాళ్ళు, పక్క అంచులు కూడా కావాలి.

కోలార్ కుర్రోడు (శనివారం రాత్రి)

నంబరు పక్కన ఆర్ అనో ఓ అనో ఒక అక్షరం ఉంటుంది కదా, అది కంపెనీ గుర్తా?

టంకం వాసన (శనివారం రాత్రి)

కాదు తమ్ముడూ, అది గెయిన్ తరగతి. ట్రాన్సిస్టర్ మూడు కాళ్ళు బేస్, కలెక్టర్, ఎమిటర్ కదా, బేస్‌కి ఇచ్చిన చిన్న కరెంటుకి ఎన్ని రెట్లు కలెక్టర్‌లో పారుతుందో అదే గెయిన్. సీ5200లో ఆర్ అంటే ఆ గెయిన్ (హెచ్‌ఎఫ్‌ఈ) 55 నుంచి 110, ఓ అంటే 80 నుంచి 160, ఒక ఆంపియర్ దగ్గర. మన లోకల్ యాంపుల్లో విరివిగా వాడే డీ718, బీ688 మీదా ఇవే అక్షరాలు చూస్తావు. ఒకే చానల్‌లో రెండు మూడు జతలు సమాంతరంగా ఉంటే అన్నీ ఒకే అక్షరం ఉన్నవి వేసుకోవాలి.

పాత రేడియో, జాలహళ్ళి (ఆదివారం ఉదయం)

ఫొటోలు వచ్చేలోపు నా అలవాటు చెప్తాను. నేను మొదట చూసేది పేరును కాదు, ఆ పేరుకీ తారీఖుకీ పొత్తు కుదురుతోందా అని. చాలా కంపెనీలు నాలుగంకెల తారీఖు కోడ్ వేస్తాయి. మొదటి రెండంకెలు సంవత్సరం, తరవాతి రెండు వారం. ఆమధ్య ఒకాయన ఎంజే15003లు తెచ్చి చూపించాడు. మోటరోలా ఎం ముద్ర చక్కగా ఉంది, కింద 0634. అంటే 2006, ముప్పైనాలుగో వారం. మోటరోలా తన ట్రాన్సిస్టర్ల వ్యాపారాన్ని 1999లోనే వేరుచేసి ఆన్ సెమీకండక్టర్‌గా పెట్టింది. మారే రోజుల్లో కొన్నాళ్ళు పాత ముద్రతో సరుకు వచ్చి ఉంటుంది, ఒప్పుకుంటాను. ఏడేళ్ళ తరవాత కూడా వస్తుందా?

అలాంటివే ఇంకొన్ని గుర్తుంచుకోండి. ఆర్‌సీఏని 1986లో జనరల్ ఎలక్ట్రిక్ కొంది, ఆ సెమీకండక్టర్ వ్యాపారం 1988లో హ్యారిస్‌కి వెళ్ళింది. శాన్యో సెమీకండక్టర్ 2011లో ఆన్ చేతికి వచ్చింది. ఫెయిర్‌చైల్డ్‌ని కూడా 2016లో ఆన్ కొనేసింది. ఫిలిప్స్ సెమీకండక్టర్ విభాగం 2006లో ఎన్‌ఎక్స్‌పీ అయింది. 2010 కోడ్‌తో ఆర్‌సీఏ 2ఎన్3055 దొరికిందంటే దాన్ని దెయ్యం తయారుచేసి ఉండాలి.

ఇక ఐఎస్‌సీ. అది ఇంచేంజ్ సెమీకండక్టర్ అనే చైనా కంపెనీ గుర్తు. జపాన్ వాళ్ళు ఆపేసిన పాత నంబర్లను సొంత ముద్రతో తీసి అమ్ముతారు, డేటాషీట్లు (కొలతలు, హద్దులు రాసిన పత్రాలు) కూడా వాళ్ళ పేరుతోనే ఇస్తారు. దాన్ని నకిలీ అనకూడదు. ఇంకొకడి పేరు పెట్టుకోలేదు కదా.

చిక్కపేట మెకానిక్ (ఆదివారం ఉదయం)

సార్లందరికీ నమస్కారం. చరిత్ర అంతా బాగుంది గానీ, నా టేబుల్ మీదికి వచ్చే యాంప్‌కి కస్టమర్ ఇచ్చేది రిపేర్ ఖర్చు మాత్రమే, చరిత్ర ఖర్చు కాదు. 35 వోల్టుల సప్లైతో నడిచే చిన్న యాంప్‌లో పేరులేని డీ718 వేస్తాను, ఏళ్ళ తరబడి పాడుతుంది. కంపెనీ ఎవరో నాకూ తెలియదు, కస్టమరూ అడగడు.

షాపులో భాష కూడా తెలుసుకోవాలండీ. "ఒరిజినల్" అంటే ఒక అర్థం, "ఫస్ట్ క్వాలిటీ" అంటే ఇంకొకటి, "ఒరిజినల్ కాపీ" అని కూడా ఉంది. కౌంటర్ దగ్గర "గురూ, ఇది 55 వోల్టుల బండిలోకి, గ్యారంటీ ఇస్తావా?" అని అడగండి. చాలామంది నిజం చెప్పేస్తారు. ధర మూడింతలు తేడా ఉందంటే షాపువాడు మీకు సగం సమాధానం అప్పుడే ఇచ్చేసినట్టు.

హెబ్బాళ్ శ్రోత (ఆదివారం మధ్యాహ్నం)

ఫొటోలు పెట్టాను. తోషిబా పేరున్న జతలో రెండింటి మీదా అక్షరాలు బాగా తెల్లగా, మందంగా ఉన్నాయి. వెనక పలక అంచుల్లో రంపంతో కోసినట్టు గరుకు ఉంది. కాళ్ళు కుడి చానల్ నుంచి తీసిన పాత తోషిబా కాళ్ళ కన్నా పలచగా అనిపించాయి. దూదికి అసిటోన్ అద్ది రుద్దితే అక్షరాలు చెరిగిపోయాయి! ఎఫ్ గుర్తున్నదాని మీద అక్షరాలు లేత బూడిద రంగులో ఉన్నాయి, అసిటోన్‌కి కదల్లేదు. నా దగ్గరున్న చిన్న కాంపొనెంట్ టెస్టర్‌లో మాత్రం అన్నీ బాగానే చూపిస్తున్నాయి. గెయిన్ కూడా నూటికి అటూఇటూ వస్తోంది.

పాత రేడియో, జాలహళ్ళి (ఆదివారం మధ్యాహ్నం)

అసిటోన్ పరీక్ష ఒక్కదాన్నే నమ్మి తీర్పు ఇవ్వకండి. పాత అసలు సరుకులో చాలా వాటికి సిరా అచ్చే ఉండేది, అదీ చెరుగుతుంది. లేజర్ అచ్చు తరవాత వచ్చింది. పేరు చెరిగాక కింద ఉపరితలం ఎలా ఉందో చూడండి. ఇసుక కాగితంతో గీసిన సన్నని గీతలు ఒకే దిశలో కనిపిస్తే, పాత నంబరు గీకేసి కొత్తది వేశారన్నమాట.

టంకం వాసన (ఆదివారం సాయంత్రం)

ఆ చిన్న టెస్టర్ గెయిన్ కొలిచేది కొన్ని మిల్లీఆంపియర్ల దగ్గర. అంత తక్కువ కరెంటులో ఐదు రూపాయల ట్రాన్సిస్టర్ కూడా సీ5200లాగే నటిస్తుంది. నకిలీలో జరిగేది ఎక్కువగా ఇదే: పెద్ద ప్లాస్టిక్ ఒంట్లో చిన్న చిప్ పెడతారు. చిప్ చిన్నదైతే ఎక్కువ కరెంటు దగ్గర గెయిన్ కూలిపోతుంది, వేడి బయటికి పోయే వైశాల్యం తగ్గుతుంది, వోల్టేజీ కరెంటూ కలిసి వచ్చినప్పుడు తట్టుకునే హద్దు కుంచించుకుపోతుంది. డేటాషీట్‌లో 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్లు అని రాసింది పెద్ద చిప్ గురించి.

అదే టెస్టర్‌తో పనికొచ్చే కొలత ఇంకోటుంది. కలెక్టర్, బేస్ మధ్య కెపాసిటెన్స్ (చార్జ్ నిలిపే సామర్థ్యం) కొలవండి. అది జంక్షన్ వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. తోషిబా డేటాషీట్ ప్రకారం 10 వోల్టుల దగ్గర సీ5200కి సుమారు 200 పికోఫారడ్లు, ఏ1943కి 360. మీటర్ ఆ వోల్టేజీ పెట్టకుండా కొలుస్తుంది కాబట్టి అంతకన్నా చాలా ఎక్కువ చూపిస్తుంది. అందుకే పుస్తకంలోని అంకెతో పోల్చకుండా, మంచిదని నమ్మకమున్న దానితో పోల్చండి. పీఎన్‌పీది ఎన్‌పీఎన్ కన్నా స్పష్టంగా ఎక్కువ రావాలి. రెండూ ఒకేలా వచ్చాయంటే అనుమానించాల్సిందే.

ఓమ్ అక్క, యలహంక (ఆదివారం సాయంత్రం)

శ్రోత గారూ, నా దగ్గర అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొన్న తోషిబా టీటీసీ5200, టీటీఏ1943 ఉన్నాయి. ఇదే కుటుంబానికి తోషిబా పెట్టిన కొత్త నంబర్లు. పోల్చడానికి పనికొస్తాయి. మీరు ఉండేది దగ్గరే, అన్నీ పట్టుకుని రండి. పని చేస్తున్న ఎడమ చానల్ జోలికి మాత్రం పోవద్దు, దాన్ని విప్పక్కర్లేదు.

ఇంట్లో చేయాలనుకునేవాళ్ళ కోసం పద్ధతి చెప్తాను. 5 వోల్టులు, 10 ఆంపియర్లు ఇవ్వగల సప్లై కావాలి. ట్రాన్సిస్టర్‌ని వేడి లాగే పెద్ద హీట్‌సింక్‌కి బిగించండి. ఎమిటర్ నేరుగా గ్రౌండ్‌కి. కలెక్టర్ దారిలో 0.1 ఓమ్ 10 వాట్ల రెసిస్టర్, దాని మీద మిల్లీవోల్టులు చూస్తే కరెంటు తెలుస్తుంది, 700 మిల్లీవోల్టులంటే 7 ఆంపియర్లు. బేస్‌కి 5 వోల్టుల నుంచే 18 ఓమ్ 2 వాట్లు, దానికి సిరీస్‌లో 100 ఓమ్ వైర్‌వౌండ్ పాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్), బేస్ కరెంటు చూడ్డానికి ఒక మీటర్. పాట్ పూర్తి విలువ దగ్గర మొదలుపెట్టి, కలెక్టర్ కరెంటు 7 ఆంపియర్లు వచ్చేదాకా తగ్గించండి. అప్పుడు బేస్‌కి 200 మిల్లీఆంపియర్లకి మించి పట్టకూడదు. ఎందుకంటే 7 ఆంపియర్ల దగ్గర కనీస గెయిన్ 35 అని డేటాషీట్ మాట. ఒకటి రెండు సెకన్లు చూసి ఆపేయాలి, 30 వాట్ల వేడి అక్కడ పుడుతుంది. పీఎన్‌పీకి సప్లై, మీటర్ల పోలారిటీ తిప్పుకోండి.

కోలార్ కుర్రోడు (ఆదివారం రాత్రి)

అక్కా, 230 వోల్టులు తట్టుకుంటుందో లేదో గోడ సాకెట్ నుంచి డయోడ్ పెట్టి చూడొచ్చా?

ఓమ్ అక్క, యలహంక (ఆదివారం రాత్రి)

వద్దు నాన్నా. మెయిన్స్ నుంచి నేరుగా ఏ పరీక్షా చేయకు. ట్రాన్స్‌ఫార్మర్‌తో వేరుపడ్డ, కరెంటు హద్దు ఉన్న సప్లై ఉంటేనే ఆ పని. నేను 100 కిలోఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, బేస్ వదిలేసి, కలెక్టర్ ఎమిటర్ మధ్య నెమ్మదిగా పెంచి చూస్తాను. వోల్టేజీ ఎక్కడ పెరగడం మానేస్తే అదే దాని హద్దు.

పాత రేడియో, జాలహళ్ళి (సోమవారం ఉదయం)

వాళ్ళు పరీక్షలు చేసుకునేలోపు కాస్త దారి తప్పుతాను, మోడరేటర్ గారు క్షమించాలి. ఈ ఊళ్ళోనే ఒకప్పుడు తయారీదారుని గుర్తుపట్టడం ఇంత కష్టం కాదు. ఇక్కడి భారత్ ఎలక్ట్రానిక్స్ 1962లో జెర్మేనియం సెమీకండక్టర్ల తయారీ మొదలుపెట్టింది. పాత భారతీయ రేడియోలు విప్పితే బీఈఎల్ అని ఉన్న ఏసీ127, ఏసీ128 కనిపిస్తాయి. నా డబ్బాలో ఇంకా కొన్ని ఉన్నాయి, వాటిని ఎవరికీ ఇవ్వను!

కోలార్ కుర్రోడు (సోమవారం ఉదయం)

సార్, మా కాలేజీ ల్యాబ్‌లో సీఐఎల్ 548 అని ఉండేవి. అది కోల్ ఇండియానా?

పాత రేడియో, జాలహళ్ళి (సోమవారం ఉదయం)

బొగ్గు గనులకీ దానికీ సంబంధం లేదు నాయనా. అది కాంటినెంటల్ డివైస్ ఇండియా, ఢిల్లీ నారాయణా పారిశ్రామికవాడలో ఉంది, 1964 నాటి కంపెనీ. ఇప్పుడు సీడీఐఎల్ అంటారు. ఎస్ఎల్100, ఎస్‌కే100 రేకు డబ్బాలు చూసే ఉంటావు. కొక్కెం పక్కనున్న కాలు ఎమిటర్, డబ్బా కలెక్టర్‌కి కలిసి ఉంటుంది. ఆ రెండు పేర్లూ మన దేశంలో ఎలక్ట్రానిక్స్ చదివిన వాళ్ళందరికీ కంఠతా వచ్చు.

ఇంకో విషయం, ఇది మన చర్చకి పనికొస్తుంది. 2ఎన్3055లో అన్నీ అసలైనవే అయినా ఒకేలా ఉండవు. ఆర్‌సీఏ మొదట తీసింది హోమెటాక్సియల్ అనే పాత పద్ధతిలో, చాలా నెమ్మది రకం, 1 మెగాహెర్ట్జ్ దాటడమే కష్టం. తరవాత వచ్చిన ఎపిటాక్సియల్ రకం 2.5 మెగాహెర్ట్జ్ పైమాట. పాత యాంప్‌లో నెమ్మది రకానికి సరిపడా డిజైన్ చేసిన చోట కొత్త రకం వేస్తే కొన్నిసార్లు ఆసిలేషన్ (పాట లేకుండానే తనంతట తానే ఊగడం) పట్టుకుంటుంది. తయారీదారూ కాలమూ తెలియడం వల్ల ఉపయోగం ఇక్కడ కూడా ఉంది. నకిలీ భయం ఒక్కటే కారణం కాదు.

చిక్కపేట మెకానిక్ (సోమవారం మధ్యాహ్నం)

ఇది మాత్రం ఒప్పుకుంటా సార్. ఒక పాత యాంప్‌లో 3055 మార్చాక స్పీకర్ లేకుండానే హీట్‌సింక్ కాలిపోయేది. ఆసిలోస్కోప్ పెడితే గానీ తెలియలేదు.

ఓమ్ అక్క, యలహంక (మంగళవారం రాత్రి)

శ్రోత గారు వచ్చారు, అన్నీ కొలిచాం. ఎన్‌పీఎన్‌ల లెక్క ముందు ఇస్తాను. ఒక ఆంపియర్ దగ్గర గెయిన్: నా టీటీసీ5200కి 98, ఎఫ్ గుర్తుకి 104, తోషిబా పేరున్న దానికి 92. ఇక్కడి దాకా చూసి వదిలేస్తే మూడూ అక్కచెల్లెళ్ళే. 4 ఆంపియర్ల దగ్గర మొదటి రెండూ 80 దాటి ఉన్నాయి, మూడోది 22కి పడిపోయింది. 7 ఆంపియర్ల దగ్గర నాది 64, ఎఫ్ గుర్తుది 61. మూడోది అక్కడికి చేరనే లేదు, పాట్ మొత్తం తిప్పినా 5 లోపే ఆగింది, పలక చురుక్కుమంది.

కెపాసిటెన్స్‌లోనూ అదే వరస. ఎఫ్ గుర్తు నా దానికి దగ్గరగా వచ్చింది. తోషిబా పేరున్నది మూడో వంతు ఉంది, పైగా దాని పీఎన్‌పీ జతలోనూ ఇంచుమించు అదే అంకె. వోల్టేజీ పరీక్షలో అది 140 దగ్గరే ఆగింది. ఈ యాంప్‌లో రెండు సప్లైల మధ్య 110 వోల్టులున్నాయి కాబట్టి మామూలుగా వినేటప్పుడు నడిచేదే. శబ్దం పెంచిన రోజున స్పీకర్‌తో సహా తీసుకుపోయేది.

కోలార్ కుర్రోడు (మంగళవారం రాత్రి)

అయితే ఆ నకిలీ తయారుచేసింది ఎవరు?

ఓమ్ అక్క, యలహంక (మంగళవారం రాత్రి)

అది ఈ పరీక్షలతో తేలదు. ఎవరు చేయలేదో మాత్రం గట్టిగా చెప్పగలను. లోపల ఏదో తక్కువ కరెంటు ట్రాన్సిస్టర్ చిప్ ఉంది, దాని మీద ఎవరి పేరూ రాసి ఉండదు.

చిక్కపేట మెకానిక్ (బుధవారం ఉదయం)

చిప్ చూడాలంటే పగలగొట్టండి సార్. కుడి చానల్‌లో కాలిపోయిన అసలు 3281 ఒకటి, ఈ నకిలీ ఒకటి. వైస్‌లో బిగించి, పక్క నుంచి ఉలితో ఒక దెబ్బ వేస్తే ప్లాస్టిక్ పలక నుంచి ఊడుతుంది. కళ్ళజోడు పెట్టుకోండి.

టంకం వాసన (బుధవారం ఉదయం)

ఆడియో ట్రాన్సిస్టర్ల వరకు సరే. కానీ ఇది చదివి ఎవరూ తెల్ల సిరామిక్ ఉన్న ఆర్ఎఫ్ (రేడియో ప్రసార) పవర్ ట్రాన్సిస్టర్లను మాత్రం పగలగొట్టకండి. కొన్నింటిలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

హెబ్బాళ్ శ్రోత (బుధవారం రాత్రి)

పగలగొట్టి ఫొటో పెట్టాను చూడండి. పాత 3281లో చిప్ పలక మధ్యలో పెద్ద చదరంగా ఉంది, ఒక మూల కాలిన మచ్చ. నకిలీలో చిప్ బియ్యపు గింజంత. ఒంటి సైజు చూస్తే రెండూ ఒకటే!

ఇప్పుడు ప్రశ్న: ఎడమ చానల్‌లో ఐఎస్‌సీ, కుడి చానల్‌లో ఫెయిర్‌చైల్డ్. వేర్వేరు కంపెనీలు ఉంటే ధ్వనిలో తేడా వస్తుందా? లేక నాలుగూ ఒకే కంపెనీవి కొనాలా?

టంకం వాసన (బుధవారం రాత్రి)

ఎడమది బాగా ఉంటే కదిలించకండి. అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి తప్పు దిద్దుకునే ఫీడ్‌బ్యాక్ ఉన్న యాంప్‌లో ఆ తేడా మీ చెవికి అందదు. ఒకే చానల్‌లో ఎన్‌పీఎన్ ఒకరిది, పీఎన్‌పీ ఇంకొకరిది కాకుండా చూసుకుంటే చాలు. మనసు ఊరుకోకపోతే ఎలిమెంట్14, మౌసర్ లాంటి చోట టీటీసీ5200 రెండు, టీటీఏ1943 రెండు తెప్పించుకోండి, కొరియర్ ఖర్చుకి సిద్ధపడి.

అసలు పని ఇంకా ఉంది. అవుట్‌పుట్ షార్ట్ అయిందంటే ఎమిటర్ రెసిస్టర్లు, వాటిని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లు కూడా చూడాలి. 0.22 ఓమ్ రెసిస్టర్ పైకి బాగానే కనిపిస్తూ లోపల తెగి ఉంటుంది. ట్రాన్సిస్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య కొత్త మైకా రేకు, పలచగా హీట్‌సింక్ పేస్ట్. బయాస్ పాట్‌ని (పాట లేనప్పుడు పారే కరెంటును సరిచేసేది) కరెంటు తక్కువగా ఉండే చివరికి తిప్పి పెట్టుకోండి. మొదటిసారి మెయిన్స్ దారిలో సిరీస్‌గా పెట్టిన 60 వాట్ల బల్బుతోనే ఆన్ చేయండి. బల్బు ఒకసారి వెలిగి మసకబారాలి, వెలుగుతూనే ఉంటే వెంటనే ఆఫ్.

హెబ్బాళ్ శ్రోత (శనివారం సాయంత్రం)

ఎఫ్ గుర్తున్న జతే వేశాను. కుడివైపు ఒక డ్రైవర్, ఒక ఎమిటర్ రెసిస్టర్ కూడా పోయి ఉన్నాయి, మార్చాను. బల్బు మసకబారింది. స్పీకర్ టెర్మినల్ దగ్గర డీసీ 8 మిల్లీవోల్టులు. రెండు ఎమిటర్ రెసిస్టర్ల మీద కలిపి 11 మిల్లీవోల్టులు, అంటే 25 మిల్లీఆంపియర్ల బయాస్. గంట నడిపాక కూడా పెద్దగా కదల్లేదు. తోషిబా పేరున్న జతలో పీఎన్‌పీ పగలకుండా మిగిలింది. షాపులో చూపిస్తే డబ్బు వెనక్కి ఇస్తారా?

చిక్కపేట మెకానిక్ (శనివారం రాత్రి)

డబ్బు ఇవ్వరు సార్, వేరే సరుకు ఇస్తారు. పగలగొట్టిన దాన్ని కూడా తీసుకెళ్ళండి, 3281 పక్కన పెట్టి చూపించండి. సోమవారం పొద్దున రద్దీ లేనప్పుడు వెళ్ళండి, నేనూ వస్తా. నాకు డీ718 కావాలి.